అరకు–పాడేరు వలయం సైకిలు మీద: ఏ ఘాటు ఎక్కాలి, ఏ ఘాటు దిగాలి?

హైదరాబాదీ_పెడల్
డిసెంబరు రెండో వారంలో మేము ముగ్గురం విశాఖపట్నం నుంచి సైకిళ్ల మీద బయలుదేరి, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కి, అరకులో ఒక రాత్రి, పాడేరులో ఒక రాత్రి ఉండి, మూడో రోజు పాడేరు ఘాటు దిగి వడ్డాది, చోడవరం, సబ్బవరం మీదుగా తిరిగి విశాఖ చేరాలనుకుంటున్నాము. మొత్తం సుమారు 270 కిలోమీటర్ల వలయం. వికారాబాద్ అనంతగిరి కొండలు మాకు అలవాటే గాని, అక్కడి ఎక్కుడు ఒంటికి చెమట పట్టేలోపే అయిపోతుంది. ఇక్కడ గంటల తరబడి ఎక్కాలని విన్నాము. ఇంతకీ నా బాధ ఏమిటంటే, దారి గీసి ఇచ్చే మూడు యాప్‌లను అడిగితే మూడూ మూడు లెక్కలు చెప్పాయి. ఒకటి మొత్తం ఎక్కుడు 2,900 మీటర్లంటే ఇంకొకటి 4,300 అంటోంది. మూడోది అనంతగిరి దగ్గర ఒక చోట 27 శాతం వాలు ఉందని ఎర్రగీత గీసి భయపెడుతోంది. దేన్ని నమ్మాలి? దారిలో చూడదగ్గవి ఏవో, జాగ్రత్త పడవలసినవి ఏవో కూడా తెలిసినవారు చెప్పగలరు.

పటం_పిచ్చి
మూడింటినీ పూర్తిగా నమ్మవద్దు. ఇలాంటి యాప్‌లలో చాలావాటికి ఆధారం 2000 సంవత్సరంలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తులు, లేదా ఆ కోవకే చెందిన సమాచారం. అది నేలను సుమారు 30 మీటర్ల గడులుగా చేసి గడికొక ఎత్తు చెబుతుంది. మైదానంలో దానితో ఇబ్బంది లేదు. ఘాటురోడ్డు మాత్రం కొండ పక్కను తొలిచి వేసినది కాబట్టి, పటంలో రోడ్డు గీత పదిహేను మీటర్లు పక్కకు జరిగినా యాప్ పైనున్న కొండ ఎత్తునో, కిందనున్న గెడ్డ (వాగు) లోతునో తీసుకుంటుంది. ఆ ఎగుడుదిగుడులన్నీ కూడితే మొత్తం ఎక్కుడు ఉబ్బిపోతుంది, లేని 27 శాతం పుట్టుకొస్తుంది. బస్సులూ లారీలూ తిరిగే జాతీయ రహదారికి అంత వాలు ఉండదు. కొండ ప్రాంతాలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం మామూలు వాలు 5–6 శాతం దగ్గర ఉంటుంది, తప్పనిసరైన చిన్న ముక్కల్లో మాత్రమే 7–8 దాకా వెళ్లనిస్తారు. పాత మలుపుల లోపలి అంచున ఇంతకంటే నిటారుగా ఉండవచ్చు గాని, అది పది పన్నెండు మీటర్ల బాధ.

నమ్మదగిన ఎత్తులు కావాలంటే రైల్వే స్టేషను బోర్డులు చూడండి. సముద్రమట్టం నుంచి ఎంత ఎత్తో పసుపు పలక మీద రాసి ఉంటుంది, అది సర్వే చేసి రాసిన అంకె. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలోని సిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది, అరకు సుమారు 900. ఇలాంటి నాలుగు మేకులు కొట్టుకుని, మధ్యలో యాప్ గీతను కిలోమీటరు కిలోమీటరుగా విడగొట్టి చూడండి. సగటు వాలు చూసి సంతోషించవద్దు. మధ్యలో దిగుడు కలిసిన సగటు ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

ముప్పైనాలుగు_పళ్లు
స్టేషను బోర్డు చూడడానికి ప్లాట్‌ఫారం టిక్కెట్టు ఖర్చు కూడా పథకంలో రాసుకోమనండి.

వాల్తేరు_మేడ
ఎత్తుల లెక్క సరే, అసలు చిక్కు దిశలో ఉంది. మీరు గీసిన వలయం అప్రదక్షిణం. సింహాచలం గిరి ప్రదక్షిణకు వెళ్లే ఊరివాళ్లం, మాకు అది చూడగానే ఎడమ కన్ను అదిరింది. హాస్యానికి అన్నాను గాని, కారణం వేరే ఉంది. రెండు ఘాటుల్లో అనంతగిరిది పొడవైనది, వాలు నెమ్మదైనది, రోడ్డు వెడల్పైనది. పాడేరు ఘాటు పొట్టిది, నిటారుగా ఉంటుంది, మలుపులు ఇరుకు. మీ పథకంలో నిటారు ఘాటును మూడో రోజు, కాళ్లూ చేతులూ అలసిపోయాక దిగుతారు. నిటారు దారిని గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో ఎక్కితే పడినా మోకాలే పోతుంది. అదే దారిని నలభై వేగంతో దిగుతూ పడితే పోయేది మోకాలు కాదు. చోడవరం వైపు నుంచి పాడేరు ఎక్కి, అరకు మీదుగా అనంతగిరి దిగండి. కొండ ప్రయాణానికి ముందు దిగుడును నిర్ణయించుకుని, మిగిలినది దానికి తగ్గట్టు వెనక్కి అల్లుకోవాలి.

గెడ్డ_దాటినవాడు
మేడ గారి సూత్రంతో పేచీ లేదు, ఈ ఏడాదికి అది అన్వయించదనే నా వాదన. మాది శృంగవరపుకోట దగ్గర పల్లె. రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఇ జాతీయ రహదారి విస్తరణలో భాగంగా మా వైపు ఘాటులో అక్కడక్కడ కొండను తొలిచి వదిలేశారు. మంచి తారు మీద వస్తూ వస్తూ మలుపు తిరిగేసరికి వంద మీటర్లు వట్టి మెటల్ రాళ్లు, దుమ్ము, ఎదురుగా టిప్పరు. సన్న టైర్లతో దిగేవాడికి ఆ వంద మీటర్లు చాలు. వెడల్పుగా ఉన్నంత మాత్రాన రోడ్డు భద్రం కాదు; వెడల్పు చూసి కార్లవాళ్లు ఇంకా వేగం పెంచుతున్నారు. 2021 ఫిబ్రవరిలో పర్యాటకుల బస్సు లోయలో పడింది పాడేరు ఘాటులో కాదు, ఈ "నెమ్మదైన" ఘాటులోనే, డముకు దగ్గర.

వాల్తేరు_మేడ
డముకు మాట నిజమే, కాదనను. మెటల్ పరిచిన ముక్కల్లో దిగి నడిపించుకుంటే సరిపోతుంది కదా?

గెడ్డ_దాటినవాడు
అవి ఎక్కడున్నాయో ముందే తెలిస్తే సరిపోతుంది. ఎక్కుతూ వెళ్లినవాడికి తెలుస్తుంది, దిగుతూ వచ్చినవాడికి పడ్డాక తెలుస్తుంది.

నెమ్మది_నాయుడు
గెడ్డ గారి చివరి వాక్యం దగ్గర నాకొక సందేహం కలిగింది. అసలు వలయమే కావాలన్న పట్టుదల ఎందుకు? నాకు యాభై ఎనిమిదేళ్లు. కొండల్లో ఇప్పుడు ఎక్కిన దారినే దిగుతున్నాను. పొద్దున ఎనిమిది వేగంతో ఎక్కుతున్నప్పుడు ప్రతి గొయ్యి, నీరు కారే ప్రతి చోటు, కుక్క ఉన్న ప్రతి ఇల్లు రెండు వైపులా కళ్లారా చూస్తాము. మధ్యాహ్నం దిగేటప్పుడు ఆ దారి మనకు కంఠస్థం. వలయంలో ఎక్కిన జ్ఞానం దిగేటప్పుడు పనికిరాదు.

దీనికి నాకు మంచి గుణపాఠమే ఉంది. కొన్నేళ్ల కిందట మీలాగే మొదటిసారి పాడేరు ఘాటును పైనుంచి దిగాను. పాత రిమ్ము బ్రేకుల సైకిలు, వెనుక సంచిలో సామాను. దారి తెలియదు కాబట్టి భయంతో రెండు బ్రేకులూ పట్టుకునే దిగాను, వదలలేదు. అమ్మవారి పాదాలు దాటాక ముందు ట్యూబు తుపాకీ పేలినట్టు పేలింది. అదృష్టం, కొండ వైపు కాలువలో పడ్డాను. రిమ్ము ముట్టుకుంటే వేలు కాలింది. తరువాత లెక్క వేసి చూశాను: మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలు 900 మీటర్లు దిగితే వదిలే శక్తి రెండున్నర లీటర్ల నీళ్లను మరిగించగలదు. వేగంగా దిగేవాడికి అందులో చాలా భాగం గాలి పట్టుకుపోతుంది. నాలాగా భయపడి నెమ్మదిగా, బ్రేకు వదలకుండా దిగేవాడికి దాదాపు అంతా రిమ్ములోకే వెళ్తుంది. అందుకే మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించుకుని, మలుపు తిరిగాక పూర్తిగా వదిలి, రిమ్ముకు గాలి తగలనివ్వాలి. అయిదారు కిలోమీటర్లకోసారి ఆగి దృశ్యం చూడండి. చూసేది మీరు, చల్లారేది చక్రం.

ముప్పైనాలుగు_పళ్లు
నాయుడు గారూ, రెండున్నర లీటర్ల వేడినీళ్లంటే పాతిక కప్పుల అరకు కాఫీ. వృథా చేశారు.

నా వంతు లెక్క కూడా చెబుతాను, గేరు పళ్ల గురించి అడగకుండా ఎవరూ వెళ్లకూడదు కాబట్టి. ముందు 34 పళ్లు, వెనుక పెద్ద చక్రం 28 పళ్లు ఉంటే, నిమిషానికి 70 సార్లు తొక్కినప్పుడు వేగం గంటకు సుమారు 10.7 కిలోమీటర్లు. 85 కిలోల బరువుతో 6 శాతం వాలు మీద ఆ వేగం నిలపాలంటే దాదాపు 160 వాట్లు కావాలి. వెనుక కూడా 34 పళ్లు వేసుకుంటే అదే కాలి లయతో వేగం 8.8కి దిగుతుంది, 130 వాట్లతో పని జరుగుతుంది. ఆ 30 వాట్ల తేడా మొదటి గంటలో తెలియదు, మూడో గంటలో మోకాళ్లు చెబుతాయి. హైదరాబాదులోనే క్యాసెట్టు (వెనుక పళ్ల చక్రాల కట్ట) మార్పించుకుని రండి. పెద్ద పళ్లకు మీ వెనుక గేరు యంత్రం అందుతుందో లేదో, చైను పొడవు చాలుతుందో లేదో మెకానిక్కుతో చూపించుకోండి. మార్చిన మర్నాడే కొండకు రావద్దు.

హైదరాబాదీ_పెడల్
మా ముగ్గురిలో ఇద్దరికి వెనుక 28 పళ్లే ఉన్నాయి. మార్పిస్తాము. దిశ విషయంలో మాత్రం మేడ గారూ గెడ్డ గారూ ఒక మాట మీదికి వచ్చేదాకా టిక్కెట్లు కొనలేను.

ఘాట్_డ్రైవర్
సైకిలు తొక్కను, కానీ ఈ రెండు ఘాటుల్లోనూ పర్యాటకుల వ్యాను పదకొండేళ్లు నడిపాను. దిశ గురించి ఇంత వాదించారు, వారం గురించి, గంట గురించి ఎవరూ అడగలేదు. డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో వంజంగి మేఘాల కొండ చూడాలని విశాఖ నుంచి అర్ధరాత్రి దాటాక కార్లు బయలుదేరి తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు పాడేరు ఘాటు ఎక్కుతాయి. నడిపేవారికి నిద్ర ఉండదు, దారి తెలియదు, పొగమంచు, సూర్యోదయం అందుకోవాలన్న తొందర. వాళ్లే తొమ్మిది దాటాక నిద్రకళ్లతో దిగుతారు. ఆదివారం సాయంత్రం అనంతగిరి ఘాటు తిరుగు కార్లతో నిండి ఉంటుంది, సగం మంది బ్రేకు మీద కాలు తీయకుండా దిగుతారు, వాసన మీకే తెలుస్తుంది. మంగళవారం పదకొండు గంటలకు అవే రోడ్లు చూడండి, పాలవాడూ పోస్టుమానూ తప్ప ఎవరూ ఉండరు.

ఇంకొక మాట. మలుపులో బస్సు మొత్తం రోడ్డు తీసుకుంటుంది, తీసుకోకపోతే తిరగలేదు. బస్సుకూ కొండకూ మధ్య సందు కనిపించిందని లోపలికి దూరవద్దు. ముందు భాగం వెళ్లాక వెనుక భాగం ఆ సందులోకే వస్తుంది. మలుపుకు ముందే ఆగి దాన్ని పోనివ్వండి. ఘాటులో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది నియమం, మీరు దిగేటప్పుడు మీకూ వర్తిస్తుంది. హారను వినిపిస్తే కోపం తెచ్చుకోకండి, మాకు హారనే కన్ను.

వాల్తేరు_మేడ
డ్రైవరు గారి సలహాతో నా వాదన సగం మారింది. మంగళవారం బయలుదేరితే పర్యాటకుల చిక్కు ఉండదు, మిగిలేది మెటల్ రాళ్ల చిక్కు ఒక్కటే. గెడ్డ గారు పనులు జరుగుతున్న చోట్లు చెప్పగలిగితే నేను ప్రదక్షిణానికే ఓటు వేస్తాను.

గెడ్డ_దాటినవాడు
మా బావమరిది రోజూ కాశీపట్నం నుంచి అనంతగిరికి బైకు మీద వెళ్తాడు. బయలుదేరే ముందు వారం అడిగి, ఏ కిలోమీటరు రాయి దగ్గర ఏముందో ఇక్కడే రాస్తాను. ఆ షరతు మీద ఒప్పుకుంటాను.

సెలవు_దొరికితే
ఇంత గొడవ ఎందుకు, పొద్దున్నే కిరండూల్ రైలెక్కి సైకిళ్లు బ్రేకు వ్యానులో వేసి, సొరంగాలన్నీ దాటి అరకులో దిగి, కిందికి దొర్లిపోవచ్చు కదా?

ముప్పైనాలుగు_పళ్లు
అప్పుడు దాన్ని సైకిలు యాత్ర అనరు, పార్సిలు యాత్ర అంటారు.

నెమ్మది_నాయుడు
నవ్వకండి, అందులో పనికొచ్చే ముక్క ఒకటి ఉంది. అలసిపోయినా, వాతావరణం చెడినా అరకు నుంచి కిందికి రైలు ఉందన్న ధైర్యం వేరు. పాడేరులో ఆ సౌకర్యం లేదు, బస్సు పైకప్పే గతి. తప్పించుకునే దారి ఉన్న ఊరిని వలయం చివర పెట్టుకోవాలి, మొదట కాదు. ఆ లెక్కన కూడా ప్రదక్షిణమే మేలు.

మన్యం_మాస్టారు
హుకుంపేట మండలంలో బడి మాస్టారుగా పనిచేస్తున్నాను. రెండు ఘాటుల గురించి ఇన్ని మాటలు రాశారు గాని, వాటి మధ్య ఉన్న సుమారు 45 కిలోమీటర్లను రెండు కొండలను కలిపే తాడులాగా చూశారు. సైకిలు మీద రావలసింది దానికోసమే. పాడేరు, హుకుంపేట, డుంబ్రిగుడ, చాపరాయి, అరకు: పైకీ కిందికీ చిన్న చిన్న అలల్లా వెళ్లే రోడ్డు. నవంబరు, డిసెంబరులో రెండు పక్కలా వలిసె పూలు పసుపు దుప్పటి పరిచినట్టు ఉంటాయి. ఆ పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియపు తీగలు, కింద నీడలో కాఫీ తోటలు. డిసెంబరులో పండిన ఎర్రటి కాఫీ కాయలు కోస్తుంటారు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫానుకు ఈ నీడచెట్లు ఎన్నో కూలిపోయాయి. కొన్ని వాలుల మీద చెట్లన్నీ ఒకే వయసులో కనిపిస్తే కారణం అదే కావచ్చు.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. కోతల కాలంలో వడ్లు, చోళ్లు (రాగులు) రోడ్డు మీదే ఆరబోస్తారు, సగం రోడ్డు దానికే పోతుంది. ఆ గింజల మీద బ్రేకు వేస్తే చక్రం నిలవదు, పైగా అది ఒకరి ఏడాది తిండి. సంత రోజున జీపుల పైకప్పుల మీద కూడా మనుషులుంటారు, మేకలు, కోళ్లు రోడ్డు మీదే బేరమాడతాయి. ఆ రోజు ఎక్కడ సంతో ముందు రోజు టీ దుకాణంలో అడగండి. సంతలో ఆడవాళ్ల ఫొటోలు అడగకుండా తీయవద్దు. పిల్లలు చేతులు ఊపితే మీరూ ఊపండి, చాక్లెట్లు విసరవద్దు. విసిరినవాళ్ల వెనుక మా పిల్లలు రోడ్డు మీదికి పరుగెత్తుతున్నారు. రాత్రి దోమల మందు రాసుకుని పడుకోండి, మా ఏజెన్సీలో మలేరియా మాట వానాకాలంలోనే కాదు, తరువాత కూడా వినిపిస్తుంది. చాలా చోట్ల ఫోను సిగ్నలు ఉండదు కనుక పటాలు ముందే దించుకోండి. చెక్‌పోస్టులో ఆధార్ కార్డు అడగవచ్చు.

హైదరాబాదీ_పెడల్
మాస్టారు గారూ, మీ పోస్టు చదివాక మా ముగ్గురిలో ఒకరు సెలవు ఇంకొక రోజు పెంచమని గొడవ చేస్తున్నారు. చలి ఎలా ఉంటుందో కూడా చెప్పండి. ఎక్కేటప్పుడు చెమట పడుతుందని పలుచని బట్టలు సర్దుకున్నాము.

మన్యం_మాస్టారు
తెల్లవారుజామున నీళ్ల బకెట్టులో చేయి పెట్టలేము. ఎక్కేటప్పుడు మీకు చలి తెలియదు, దిగేటప్పుడు తడిసిన బట్టల మీద గాలి కొడితే వేళ్లు బిగుసుకుపోయి బ్రేకు లీవరు పట్టు దొరకదు. చేతి తొడుగులు, గాలి చొరబడని ఒక పలుచని జాకెట్టు తప్పనిసరి.

నెమ్మది_నాయుడు
జాకెట్టు మరచిపోతే టీ కొట్టులో పాత వార్తాపత్రిక అడిగి చొక్కా లోపల గుండె మీద పెట్టుకోండి. బరువుండదు, గాలి ఆపుతుంది, కిందికి దిగాక చదువుకోవచ్చు.

ఘాట్_డ్రైవర్
పొగమంచు ఉంటే పగలు కూడా వెనుక ఎర్రదీపం వెలిగించండి. మాకు ముందు మీ దీపమే కనిపించాలి, తరువాత మీరు. మంచు విడిచే దాకా, అంటే తొమ్మిది దాకా ఘాటు దిగవద్దు. సాయంత్రం నాలుగు దాటాక దిగుడు మొదలుపెట్టవద్దు. డిసెంబరులో అయిదున్నర లోపే సూర్యుడు అస్తమిస్తాడు, లోయలో అంతకంటే ముందే చీకటి పడుతుంది.

హైదరాబాదీ_పెడల్
మీ అందరి మాటలూ కలిపి ఇలా మార్చుకున్నాను. మంగళవారం విశాఖ నుంచి సబ్బవరం మీదుగా చోడవరం చేరి అక్కడే రాత్రి బస. బుధవారం తెల్లవారగానే వడ్డాది మీదుగా పాడేరు ఘాటు ఎక్కుడు. గురువారం పాడేరు నుంచి అరకు, తొందర లేకుండా. శుక్రవారం తొమ్మిదిన్నరకు అరకులో బయలుదేరి అనంతగిరి, శృంగవరపుకోట, కొత్తవలస మీదుగా విశాఖ. ఒంట్లో బాగాలేకపోతే రైలు. మూడు రోజులనుకున్నది నాలుగైంది.

ముప్పైనాలుగు_పళ్లు
వడ్డాది దాకా వచ్చి మాడుగుల హల్వా కొనకుండా ఘాటు ఎక్కితే నేను ఒప్పుకోను. గోధుమపాలు, పంచదార, నెయ్యి. కొండ ఎక్కేవాడికి ఇంతకంటే మంచి ఇంధనం ఏ కంపెనీ ప్యాకెట్టులోనూ లేదు.

వాల్తేరు_మేడ
ఒకేసారి పావుకిలో తినకండి. మూడో మలుపులో ఆ నెయ్యి మాట్లాడుతుంది.

గెడ్డ_దాటినవాడు
బావమరిదితో మాట్లాడాను. అనంతగిరి దాటి కిందికి వచ్చేటప్పుడు రెండు చోట్ల మెటల్ పరిచి ఉందట, రెండూ టైడాకు పైనే. ముందు ఎర్ర జెండా పట్టుకుని మనిషి ఉంటాడు, భోజనాల వేళ ఉండడు. ఒంటిగంటకూ రెండింటికీ మధ్య ఆ ముక్కలో ఉండకుండా చూసుకోండి.

హైదరాబాదీ_పెడల్
వెళ్లి వచ్చాము, ముగ్గురం క్షేమం. బుధవారం మినుములూరు దగ్గర పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే ముందున్న మిత్రుడి దీపం తప్ప మిత్రుడు కనిపించలేదు. టీ కొట్టులో గంటన్నర కూర్చున్నాము. పాడేరు ఘాటు ఎక్కడానికి ఆగిన సమయం కాక మూడు గంటల పది నిమిషాలు పట్టింది. 34 పళ్లు లేకపోతే నేను ఆ ఘాటులోనే స్థిరపడేవాణ్ణి. గురువారం హుకుంపేట దాటాక వలిసె పొలాల పక్కన ఒక అవ్వ మాకు చోడి అంబలి పోసి డబ్బులు తీసుకోలేదు. శుక్రవారం మెటల్ ముక్కల్లో దిగి నడిచాము. గెడ్డ గారు రెండు చోట్లన్నారు, మాకు మూడు కనిపించాయి.

గెడ్డ_దాటినవాడు
మూడోది ఆ వారంలో తవ్వి ఉంటారు. మా బావమరిది తప్పు కాదు.

పటం_పిచ్చి
ఎత్తుల సంగతి చెప్పలేదు. బోర్డు చూశారా?

హైదరాబాదీ_పెడల్
అరకు స్టేషనులో చూశాను. గాలి ఒత్తిడితో ఎత్తు చెప్పే నా పరికరం బోర్డుకంటే 38 మీటర్లు ఎక్కువ చూపించింది; అక్కడే బోర్డు అంకెకు సరిచేసుకున్నాను. విశాఖలో బీచ్ రోడ్డు చేరేసరికి 6 మీటర్లు చూపించింది. ప్లాట్‌ఫారం టిక్కెట్టు పది రూపాయలు.